చుట్టూ కొబ్బరి తోటే ఉన్నా రీల్స్ ఎందుకు వదలడం లేదు?

ప్రశ్న: నమస్కారమండి. నా వయసు 23. మాది కోనసీమలో గోదావరి పాయ పక్కనే ఉన్న చిన్న ఊరు. బీటెక్ అయి రెండేళ్ళయింది. బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లో చెబుతున్నాను గానీ రోజుకి ఆరేడు గంటలు ఇన్‌స్టాగ్రామ్‌లోనే పోతున్నాయి. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తాను. మా బావ అమెరికా ఫోటోలు, నా క్లాస్‌మేట్ల ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు చూస్తే ఏడుపొస్తుంది. అయినా చూడకుండా ఉండలేను. యాప్ తీసేస్తే మూడో రోజుకి మళ్ళీ వేసుకుంటున్నాను. ఈమధ్య మారేడుమిల్లి అడవిలో ఐదు రోజుల నేచర్ థెరపీ శిబిరం ఉందని, ఫోన్ వ్యసనం పూర్తిగా పోతుందని ఒక ప్రకటన చూశాను (అదీ ఇన్‌స్టాలోనే). 18 వేలు కట్టాలి. నాన్నని అడగాలంటే భయంగా ఉంది. వెళ్ళమంటారా? ఇంకో అనుమానం కూడా ఉందండి. మా ఇంటి చుట్టూ కొబ్బరి తోట, వెనక పంటకాలవ, నాలుగడుగులు వేస్తే గోదావరి. చెట్టూ చేమా చూస్తే తగ్గేదైతే, పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్న నాకు ఇది ఎందుకు పట్టుకుంది? (పేరు వేయకండి.)

జవాబు: అమ్మా, నువ్వు అడిగిన రెండింట్లో రెండోదే అసలు ప్రశ్న. దాని సంగతి తేలితే మొదటిది దానంతటదే తేలిపోతుంది. అయినా డబ్బుతో కూడిన విషయం కాబట్టి ముందు అదే చెబుతాను. ఇప్పుడు వెళ్ళొద్దు. ఆ 18 వేలు నాన్నగారిని అడగొద్దు.

మారేడుమిల్లి మంచి చోటే. ఆ వెదురు పొదల మధ్య, వాగుల పక్కన ఐదు రోజులు ఫోన్ లేకుండా ఉంటే నీకే కాదు, ఎవరికైనా హాయిగా ఉంటుంది. చిక్కల్లా ఆరో రోజున. నువ్వు తిరిగొచ్చేది అదే గదికి, అదే మంచానికి, తలగడ పక్కన ఉన్న అదే ఛార్జర్ దగ్గరికి. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు చెయ్యి ఫోన్ మీదకి పోతే ఏం చెయ్యాలో అడవి నీకు నేర్పి పంపదు. పైగా ‘పూర్తిగా పోతుంది’ అని రాసేవాళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో వీడియో గేముల వ్యసనానికి చోటుంది గానీ సోషల్ మీడియా వ్యసనం అని విడిగా ఒక జబ్బు లేదు. అంతమాత్రాన నీ బాధ అబద్ధం అయిపోదు. నిద్ర పోతోంది, చదువు పోతోంది, ఏడుపొస్తోంది. ఇంతకంటే నిజమైన ఇబ్బంది ఏముంటుంది? కానీ పేరే ఇంకా ఖాయం కాని దానికి ఐదు రోజుల్లో గ్యారంటీ వైద్యం అంటున్నారంటే పర్సు గట్టిగా పట్టుకోవాలి.

ముందు ముందు ఎప్పుడైనా ఇలాంటి శిబిరానికి వెళ్ళాలనిపిస్తే మూడు సంగతులు అడుగు. కౌన్సెలింగ్ చేసేవాళ్ళు ఏం చదువుకున్నారు? ఇంటికొచ్చాక నెలా రెండు నెలలు నీతో ఎవరు మాట్లాడతారు? చివరి రోజు గ్రూపు ఫోటో తీసి ట్యాగ్ చెయ్యమంటారా? మూడోదానికి అవునన్నారంటే ఇక చెప్పేదేముంది.

ఇప్పుడు నీ అనుమానం సంగతి. ‘ఇక్కడే ఉన్న నాకు ఎందుకు పట్టుకుంది’ అన్నావు. కొబ్బరి తోట మీ ఇంటి చుట్టూ ఉన్న మాట నిజమే, కానీ నువ్వు తోటలోకి వెళ్ళి ఎన్నాళ్ళయింది? ఉత్తరంలో మంచం ఉంది, ఫోన్ ఉంది, రాత్రి ఒంటిగంట ఉంది. తోట, కాలవ, గోదావరి మాత్రం ఇంటి చిరునామా చెప్పినట్టు చివర్లో వచ్చాయి. పుట్టినప్పటి నుంచీ ఉన్న పచ్చదనం కంటికి ఆనదు. దానికి తోడు ఈమధ్య కోనసీమే ఒక రీల్ అయి కూర్చుంది. వంగిన కొబ్బరిచెట్టు, కాలవలో పడవ, వెనక ఏదో పాట. సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్ నుంచి దిగినవాళ్ళు గట్ల మీద డ్రోన్లు ఎగరేస్తున్నారు. మీ ఇంటి వెనక కాలవలాంటి దాన్నే నువ్వు ఈ ఏడాది కాలవ దగ్గరికంటే ఫోన్‌లోనే ఎక్కువసార్లు చూసి ఉంటావని నా అనుమానం.

చూడ్డం వల్ల అసలు మేలే లేదని అనడం లేదు. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి ఒక సంగతి రాశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో, కిటికీలోంచి చెట్లు కనబడే గదుల్లో ఉన్నవాళ్ళు ఇటుక గోడ కనబడే గదుల్లో ఉన్నవాళ్ళకంటే త్వరగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. బాగుంది. కానీ వాళ్ళ మంచం మీద స్మార్ట్‌ఫోన్ లేదు. నీ మంచం మీద ఉంది. కిటికీకీ ఫోన్‌కీ పోటీ పెడితే కిటికీ గెలవదు.

ఎందుకు గెలవదో తెలిస్తే నిన్ను నువ్వు తిట్టుకోవడం కొంత తగ్గుతుంది. రేవులో గాలం వేసుకుని కూర్చున్నవాణ్ణి చూడు. చేప ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టే గంటలు గంటలు కూర్చుంటాడు. ప్రతి పది నిమిషాలకీ ఒకటి తప్పకుండా పడేదైతే రెండు పట్టుకుని లేచిపోయేవాడు. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. గింజ ఎన్నో పొడుపుకి పడుతుందో తెలియనప్పుడే పావురం మానకుండా పొడుస్తూ పోయింది. రీల్స్‌లో పది చప్పవి, ఒకటి బాగుంటుంది. ఆ ఒకటి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే వేలు ఆగదు. అయితే గాలం వేసినవాడికి ఎర అయిపోతుంది, పొద్దు గూకుతుంది, ఇంట్లోంచి కేక వస్తుంది. ఫోన్‌లో అలాంటి ముగింపు ఏదీ లేకుండా చేశారు. కిందకి జరుపుతున్నకొద్దీ పేజీ అయిపోకుండా వస్తూనే ఉండే పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్, తర్వాత తానే దాని గురించి బాహాటంగా బాధపడ్డాడు. అందుకని ఇది నీ ఒక్కదాని మనోబలం సంగతి కాదు. ఎదురుగా ఉన్నది అలా కట్టిన యంత్రం.

చెట్లూ నీళ్ళూ ఇందుకు ఎలా పనికొస్తాయి? మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో రాసిన పుస్తకంలో దీనికొక వివరణ ఇచ్చారు. లెక్కలు చేసేటప్పుడో, పాఠం చదివేటప్పుడో మనం బలవంతాన నిలబెట్టే ధ్యాస అలిసిపోతుంది. కాలవ పారడం, ఆకు ఊగడం, మబ్బు కదలడం కూడా ధ్యాసని పట్టుకుంటాయి గానీ మెల్లగా పట్టుకుంటాయి. పక్కన మన ఆలోచనకి చోటు వదులుతాయి. ఆ కాసేపట్లో అలిసిన ధ్యాస తేరుకుంటుంది. రీల్ ఆ చోటే వదలదు. అందుకే రెండు గంటలు రీల్స్ చూసి ‘రెస్ట్ తీసుకున్నాను’ అనుకుని పుస్తకం తెరిస్తే రెండు లైన్లు కూడా ఎక్కవు. ఇది నీకు అనుభవమే అయి ఉంటుంది.

అదే విశ్వవిద్యాలయంలో 2008లో ఒక ప్రయోగం జరిగింది. చెట్ల మధ్య నడిచొచ్చినవాళ్ళు, ఊరి మధ్య రద్దీ రోడ్డు మీద నడిచొచ్చినవాళ్ళకంటే అంకెలు గుర్తుపెట్టుకుని వెనక నుంచి చెప్పే పరీక్షలో బాగా చేశారు. నాకు నచ్చిన సంగతేమిటంటే, చలికాలంలో నడవడం వాళ్ళకేం ఇష్టంగా అనిపించలేదు, అయినా ఫలితం వచ్చింది. కాబట్టి నీకు మొదటి వారం బోరు కొట్టినా ఏం పర్లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో తొంభై నిమిషాలు చెట్ల మధ్య నడిపించి చూస్తే, తన బాధనే తిప్పి తిప్పి నెమరేసుకునే అలవాటు కాస్త తగ్గింది. బావ ఫోటోలు చూసి నువ్వు చేస్తున్నది అదే కదా. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలు చూస్తే, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చని చోట్ల గడిపినవాళ్ళు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా తేడా లేదట. బాగున్నవాళ్ళే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అన్న ప్రశ్న ఇక్కడ ఉండనే ఉంది. సోషల్ మీడియా అలవాటుకే ప్రత్యేకంగా దీన్ని వాడి చూసిన అధ్యయనాలు చిన్నచిన్నవి. అందుకే దీన్ని నేను మందు అనను. ఫోన్ తీసేసిన చోట పెట్టడానికి మనకి దొరికేవాటిలో ఇది మంచిది, అంతవరకే.

నువ్వు యాప్ తీసేసిన ప్రతిసారీ మూడో రోజుకి ఓడిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆరేడు గంటలు ఖాళీ చేశావు, వాటిలో ఏమీ పెట్టలేదు.

ఏం పెట్టాలన్న దగ్గర అడవి శిబిరాల వాళ్ళతో నాకు కొంచెం పేచీ ఉంది. అడవిలో ఊరికే నడవడం, చెట్టుని చూస్తూ కూర్చోవడం జపాన్‌లో 1982లో ప్రభుత్వ అటవీ శాఖ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. వాళ్ళ అడవులకీ, పట్నాల్లో ఆఫీసుల్లో నలిగేవాళ్ళకీ అది సరిపోతుంది. మనది అడవి కాదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట, దాని కాలవలు లేకపోతే ఇంత పచ్చదనమే లేదు. గట్టు వేసి, నీళ్ళు పెట్టి, నాటి, కాపు కాసి పెంచిన పచ్చదనం ఇది. డెల్టాలో జనం చెట్టుచేమల్ని చూస్తూ కూర్చోలేదు, వాటితో పని చేస్తూ బతికారు. మీ నాన్నగారు తోటలోకి వెళ్తే ఆయనకి ప్రశాంతత కంటే ముందు కొబ్బరి ధర, తెల్లదోమ, కాయల దింపు కూలీ గుర్తొస్తాయి. మన దగ్గర ఈ వైద్యం పనిచెయ్యాలంటే చేతికి పని ఉండాలి. చేతులు ఖాళీగా ఉంటే అవి ఫోన్ వెతుక్కుంటాయి.

ఇప్పుడు జూన్. కాలవలకి నీళ్ళొదిలారు, సార్వా (వానాకాలం వరి) నారుమళ్ళు పోస్తున్నారు. ఇంతకంటే మంచి సమయం దొరకదు. పెరట్లో నాలుగు పాదులు పెట్టు. బీర, ఆనప, పక్కన కాస్త గోంగూర, తోటకూర. ‘పాదులు పెట్టడం కూడా థెరపీయేనా’ అనుకోకు. బీర గింజ వారంలోపే మొలకెత్తుతుంది. నెలన్నర దాటితే గానీ కాయ కోయవు. ఈ మధ్యలో రోజూ ఏదో ఒకటి మారుతుంది. మొలక, రెండాకులు, పందిరికి చుట్టుకునే తీగ, వాన పడగానే వచ్చే నత్తలు. నత్తల్ని ఏరి పారెయ్యడానికి పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే కనబడవు. ఈ పొద్దున్నే అన్నదే నాకు కావాల్సింది. ఎందుకంటే కళ్ళు తెరవగానే ఫోన్ చూసే అరగంటే మిగతా రోజుని పాడుచేస్తుంది. పూల మొక్కలంటే ఇష్టమైతే కడియం నర్సరీలు మీకు దూరం కాదు, మీ ఇంట్లోవాళ్ళు రాజమండ్రి వెళ్ళినప్పుడు నాలుగు తెప్పించుకో. ఎక్కువ వద్దు. యాభై కుండీలు పెట్టి, వాటిని మళ్ళీ వీడియో తీసి పెట్టే దారిలో పడతావు.

తర్వాత ఏటిగట్టు మీద నడక. రోజూ ఇరవై నిమిషాలు చాలు, వారం తిరిగేసరికి ఆ రెండు గంటల లెక్క సరిపోతుంది. ఇది చెప్పడం తేలికే. పల్లెటూళ్ళో ఇరవై మూడేళ్ళ పిల్ల ఒక్కతే పొద్దున్నే గట్టు మీద తిరుగుతుంటే ‘ఏమ్మా, ఎక్కడికి?’ అని నలుగురు అడుగుతారని నాకు తెలుసు. సాయంత్రానికి అది మీ అమ్మగారి దాకా వస్తుంది. మగపిల్లాడైతే ఈ పేరా రాసే పనే ఉండేది కాదు. పట్నం నుంచి సలహాలిచ్చేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు. నిజానికి మన ఆడపిల్లలు ఫోన్‌లోకి ఇంతగా వెళ్ళిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. బయటికి వెళ్తే కారణం చెప్పాలి, ఫోన్‌లో ఎక్కడికి వెళ్ళినా ఎవరూ అడగరు.

కాబట్టి తోడు వెతుక్కో. మీ ఇంట్లోనో పక్కింట్లోనో గేదెలకి గడ్డి కోసుకొచ్చే పిన్ని ఉంటుంది, పొద్దున్నే పూలకి వెళ్ళే మామ్మ ఉంటుంది, నీలాగే ఇంట్లో కూర్చుని పరీక్షలకి చదువుతున్న ఇంకో అమ్మాయి తప్పకుండా ఉంటుంది. ఆ మూడో మనిషి దొరికితే మరీ మంచిది. ఇద్దరూ కలిసి వెళ్తే ఎవరూ అడగరు, ఒకరికి బద్ధకం వేసిన రోజు రెండోవాళ్ళు వచ్చి తలుపు కొడతారు. ఫోన్ మాత్రం ఇంట్లో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవడం లెక్కలోకి రాదు. అమ్మకి కంగారైతే ఇంట్లో పాత బటన్ల ఫోన్ ఉంటే అది పట్టుకెళ్ళు. సాయంత్రం వెళ్ళేట్టయితే విడిగా ఒక టార్చిలైటు కొనుక్కో. వానలు మొదలయ్యాయంటే గట్ల మీద కట్లపాములు, రక్తపింజరలు తిరుగుతాయి. వరద రోజుల్లో రేవు మెట్లు దిగొద్దు, పాచి పట్టి జారుతుంటాయి, కింద లోతు ఎంతుందో కనబడదు.

నడిచేటప్పుడు ఏం చూడాలి? రోజు రోజుకీ మారేదాన్ని చూడు. గోదావరి అందుకు ఎంతో వీలైనది. ఇప్పుడు తేటగా ఉన్న నీళ్ళు ఎగువన వానలు పడ్డాక ఎరుపెక్కుతాయి. ఎర్రనీరు వచ్చిందంటే పులస కోసం వలలు పడతాయి, మీ ఊరి కబుర్లన్నీ అటు మళ్ళుతాయి. రేవులో ఏ మెట్టు దాకా నీళ్ళున్నాయో రోజూ ఒక నోటుబుక్కులో రాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న పాయ అయితే పోటూ పాటూ కూడా తెలుస్తాయి. పిట్టలు రాయి. లకుముకి పిట్ట, నీటికాకి, పాలపిట్ట, పేరు తెలియకపోతే ‘తోక పొడుగు, గోధుమ రంగు’ అని రాసుకో. కాలవ మీదకి వంగిన ఈతచెట్టో కొబ్బరిచెట్టో ఉంటే గిజిగాళ్ళు ఈ వానల్లోనే గూళ్ళు అల్లుతాయి. మగది గూడు సగం అల్లి, దాన్ని పట్టుకుని వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టని పిలుస్తుంది. ఆవిడ వచ్చి లోపలా బయటా చూసి, నచ్చితే ఉంటుంది, లేకపోతే వెళ్ళిపోతుంది. నచ్చని గూడుని అక్కడే వదిలేసి అది ఇంకోటి మొదలుపెడుతుంది. లైకుల బాధ దానికీ ఉంది, పాపం. ఒక గూడుని మొదటి పోచ నుంచి చివరిదాకా చూడాలంటే రెండు వారాల పైన పడుతుంది. ఫోటో తియ్యకు. ఫోటో తీశావంటే స్టేటస్ పెడతావు, పెట్టావంటే ఎవరు చూశారో చూస్తావు. వెనకటి చోటికే వచ్చావన్నమాట. నోటుబుక్కులో గీతలు గీసుకో, వంకరగా వచ్చినా ఎవరికీ చూపించక్కర్లేదు.

మధ్యాహ్నం బయట ఏమీ చెయ్యలేవు. మన ఉక్కపోతలో రెండు గంటలకి తోటలోకి వెళ్ళమనేవాడు ఇక్కడి మనిషి కాదు. మీ ఇంట్లో నాన్నమ్మో అమ్మమ్మో ఉంటే, అరుగు మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు తీసి చీపురు కట్టడం నేర్చుకో. ఒక అరగంట చెయ్యి ఆడుతూ ఉంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది. 1986 వరదప్పుడు ఎక్కడ తలదాచుకున్నారో, 1996 తుఫానుకి ఎన్ని చెట్లు పడ్డాయో అడుగు. ఆవిడ చెప్పినంతసేపు నువ్వు ఫోన్ తియ్యలేవు, తీస్తే ఊరుకోదు కూడా. ఆ తర్వాత చదువు. గంట అంటే గంటే, ఫోన్ వేరే గదిలో. మాక్ టెస్టులకి ఫోన్ కావాలంటావేమో, వాటికి రోజులో ఒక వేళ పెట్టుకుని ముందుగదిలో అందరి మధ్యా కూర్చుని రాయి.

రాత్రి సంగతి చిన్నది గానీ అన్నిటికంటే కష్టం. పదింటికి ఫోన్ అమ్మా నాన్నా పడుకునే గదిలో ఛార్జింగ్‌కి పెట్టాలి. అలారానికి బల్లమీద పెట్టుకునే గడియారం కొనుక్కో. ఇన్‌స్టా పూర్తిగా మానెయ్యమని అనను, మూడో రోజు కథ మనకి తెలిసిందే. సాయంత్రం అరగంట, యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో చూడు. నోటిఫికేషన్లు ఆపెయ్. బావనీ, నిన్ను ఏడిపించే మిగతావాళ్ళనీ మ్యూట్ చెయ్యి. వాళ్ళకి తెలియదు, చుట్టరికం ఎక్కడికీ పోదు.

మొదటి నాలుగైదు రోజులు చిరాగ్గా ఉంటుంది. లేని నోటిఫికేషన్ మోగినట్టు అనిపిస్తుంది, అన్నం దగ్గర విసుక్కుంటావు. దాన్ని చూసి ‘నాకిది పడటం లేదు’ అనుకోకు. అలాగని అద్భుతాలూ ఆశించకు. అమెరికాలో 2018 ఎన్నికల ముందు కొంతమందికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి చూశారు. రోజుకి సుమారు గంట మిగిలింది, మనసు కొద్దిగా బాగుపడింది, కొద్దిగానే. కానీ నాలుగు వారాలు అయ్యాక కూడా వాళ్ళు మునుపటంత వాడలేదు. ఆ చివరి ముక్క మనకి పనికొస్తుంది. నువ్వు నెల రోజులు పట్టు పట్టగలిగితే ఫోన్ పట్టు సడలుతుంది.

ఎక్కడికైనా వెళ్ళాలన్న కోరిక ఉంటే ఒక ఆదివారం ఇంట్లో అందరూ కలిసి కాకినాడ వైపు కోరంగి మడ అడవికి వెళ్ళి రండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెట్ల మధ్య నుంచి చెక్కబాట ఉంది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళతో ఆ చెట్లు గాలి పీల్చుకుంటాయి. ఓపిగ్గా నిలబడితే బురదలో గెంతే చేపలు కనబడతాయి, అదృష్టం ఉంటే నీటికుక్కలు. బావురుపిల్లి మాత్రం రాత్రి తిరిగేది, దాని మీద ఆశ పెట్టుకోకు. ఈ ప్రయాణానికి 18 వేలు అవ్వదు.

ఇంతవరకూ చెప్పింది గంటల సంగతి. ఉత్తరంలో నువ్వు దాటేసిన మాట ఒకటుంది. చదువుతున్నానని ఇంట్లో చెబుతున్నావు, చదవడం లేదు. రెండేళ్ళుగా ఆ అబద్ధాన్ని మోస్తున్నావు. రాత్రి ఒంటిగంటకి నిన్ను ఫోన్ దగ్గర కూర్చోబెడుతున్నది రీల్స్ ఒక్కటే అని నేననుకోను. ఫోన్ పక్కన పెడితే ఆ అబద్ధం ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అందుకే పక్కన పెట్టలేకపోతున్నావు. ఏటిగట్టు మీద నడిచినప్పుడు కూడా అది గుర్తొస్తుంది. మొదట్లో ఇంకా ఎక్కువగా గుర్తొస్తుంది, ఎందుకంటే కప్పిపెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. ఏ చెట్టూ ఈ పని నీ బదులు చెయ్యలేదు.

అందుకని, నడక అలవాటయ్యాక ఇంట్లో చెప్పాలి. ఈలోపు ఏడుపు రోజూ వస్తున్నా, ఆకలీ నిద్రా పూర్తిగా పోయినా, చచ్చిపోతే బాగుండును అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పాదులూ పిట్టలూ పక్కన పెట్టి వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. డబ్బు అక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. మనిషిని కలవాలనుకుంటే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇలాంటి ఫోన్ ఇబ్బందులకే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ అని ఒకటి నడుస్తోంది గానీ, మొదటి అడుగుకి అంత దూరం పోనక్కర్లేదు.

ఇంట్లో ముందు అమ్మతో చెప్పు. ‘నేను చదవడం లేదమ్మా, ఫోన్ చూస్తున్నాను, మానలేకపోతున్నాను’ అంటే చాలు. ఆవిడకి సగం తెలిసే ఉంటుంది. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. వట్టి చేతులతో వెళ్ళకు. వచ్చే మార్చి దాకా బ్యాంకు పరీక్షలకి నిజంగా చదువుతాను, రాకపోతే ఫలానా పని చూసుకుంటాను అని ఒక గడువు, ఒక రెండో దారి ఆలోచించుకుని వెళ్ళు. ఆ ఫలానా పని ఏమిటో నువ్వే తేల్చుకోవాలి. ఆయన ఒక పూట కోప్పడతారు, పడనీ. రాత్రి పూట ఫోన్ ఆయన గదిలో పెట్టే సంగతి కూడా అప్పుడే చెప్పెయ్. మాట్లాడే రోజు మాత్రం చూసి ఎంచుకో. దింపు జరిగి, కాయల లెక్క, కూలీల లెక్క చూసుకునే రోజైతే అస్సలు వద్దు.